రేపటి సంగతి ఇంగ్లిష్ పాసివ్‌లో చెప్పాలంటే: మర్ఫీ నీలం పుస్తకం మనకు ఎంత అక్కరకొస్తుంది?

"ఫలితాలు రేపు ప్రకటిస్తారు." ఇంత మామూలు మాటను ఇంగ్లిష్‌లో రాయమంటే, డిగ్రీ పూర్తి చేసినవాళ్లలో కూడా చాలామంది "ది రిజల్ట్స్ విల్ అనౌన్స్ టుమారో" అని రాస్తారు. అంటే ఫలితాలే లేచి ఏదో ప్రకటన చేస్తాయని అర్థం. రావాల్సింది "ది రిజల్ట్స్ విల్ బి అనౌన్స్‌డ్ టుమారో". మధ్యలో ఒక "బి", చివర ఒక "డ్". ఈ రెండు ముక్కల కోసం జనం ఏళ్ల తరబడి తడబడుతూనే ఉన్నారు. ఆఫీసు మెయిళ్లలో, కాలేజీ నోటీసుల్లో, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో రోజూ కనిపించే తప్పు ఇది.

దీన్ని సరిచేసుకోవడానికి ఎక్కువమంది కొనే పుస్తకం రేమండ్ మర్ఫీ రాసిన 'ఇంగ్లిష్ గ్రామర్ ఇన్ యూజ్'. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్ వాళ్లది. 1985లో మొదటిసారి వచ్చింది, 2019లో 5వ ఎడిషన్ వచ్చింది. ఇంగ్లిష్ మధ్యస్థంగా వచ్చిన (ఇంటర్మీడియట్ స్థాయి) వాళ్ల కోసం రాసిన ఈ నీలం అట్ట పుస్తకాన్ని మొత్తంగా కాదు, ఒక్క పని కోసమే ఇక్కడ తూకం వేస్తున్నాం: జరగబోయే పనుల్ని పాసివ్‌లో, అంటే పని చేసేవాళ్లను కాక ఆ పని దేనిమీద జరుగుతుందో దాన్ని ముందు పెట్టి చెప్పడం తెలుగువాళ్లకు దీంతో వస్తుందా?

పుస్తకం కట్టుబాటు చాలా బాగుంటుంది. 145 యూనిట్లు. ఒక్కో యూనిట్ ఎదురెదురుగా రెండు పేజీలు, ఎడమవైపు వివరణ, కుడివైపు అభ్యాసాలు. పేజీ తిప్పకుండా ఒక విషయం పూర్తవుతుంది. ఉద్యోగం చేసుకుంటూ రాత్రి అరగంట కూర్చునేవాళ్లకు ఇంతకంటే అనువైన అమరిక లేదు. వెనకాల స్టడీ గైడ్ అని ఒకటుంది, అందులో ప్రశ్నలకు జవాబు పెట్టి చూసుకుంటే మనం ఏ యూనిట్ చదవాలో తెలుస్తుంది. అనుబంధాల్లో మొదటిది క్రియల పట్టిక. మన పనికి అదే ప్రాణం, ఎందుకంటే పాసివ్ అంతా వి3 మీదే, అంటే క్రియ మూడో రూపం మీదే నిలబడుతుంది. "విల్ బి" తర్వాత "రోట్" పెట్టాలా "రిటన్" పెట్టాలా, "చోజ్" పెట్టాలా "చోజన్" పెట్టాలా అని ఆగిపోయేవాళ్లు ముందు ఆ పట్టికలో మూడో వరుసను నోటికి తెచ్చుకోవాలి. అది రానంతకాలం మిగతా చదువంతా చిల్లుకుండలో పోసిన నీళ్లే.

ఇబ్బంది ఎక్కడంటే, భవిష్యత్తుకు సంబంధించిన పాసివ్‌కి ఈ పుస్తకంలో సొంత యూనిట్ లేదు. 5వ ఎడిషన్‌లో 19 నుంచి 25 దాకా భవిష్యత్తు ఉంటుంది, పాసివ్ 42లో మొదలై 46 దాకా నడుస్తుంది. ఈ రెండు గుంపుల మధ్య పదహారు యూనిట్ల దూరం. భవిష్యత్తు యూనిట్లలో వాక్యాలు దాదాపుగా యాక్టివ్‌లో ఉంటాయి. పాసివ్ యూనిట్లకు వచ్చేసరికి 42లో "ఈజ్ డన్, వాజ్ డన్" తోనే సరిపోతుంది. 43లో "బి డన్, బీన్ డన్, బీయింగ్ డన్" మూడూ ఒకే యూనిట్‌లో వస్తాయి, "విల్" కూడా అక్కడే "కెన్", "మస్ట్" లాంటివాటితో పాటు కలిసిపోతుంది. మర్ఫీ చెప్పింది తప్పు కాదు. "విల్", "గోయింగ్ టు", "మే", "మస్ట్" దేని తర్వాతైనా "బి" ప్లస్ వి3 అన్న సూత్రం ఒక్కటే, అది తెలిస్తే చాలు అన్నది ఆ పద్ధతి. కానీ మనవాళ్లు తడబడేది సరిగ్గా అక్కడే. ఒకే యూనిట్‌లో "బి", "బీన్", "బీయింగ్" మూడూ చూసి "విల్ బీన్ డన్" అని కలిపేస్తారు. కాబట్టి 43ని ఒక్క రోజులో పూర్తి చేయొద్దు. మొదటి రోజు "బి" ఉన్న భాగం వరకే చదివి ఆగండి. "విల్ బి" తోనే కనీసం ముప్పై వాక్యాలు సొంతంగా రాశాక "బీన్" వైపు వెళ్లండి.

ఈ పుస్తకం మనకు చెప్పని సంగతి ఒకటుంది. బ్రిటన్‌లో కూర్చుని ప్రపంచమంతటికీ రాసిన పుస్తకం కనుక మర్ఫీలో అది ఉండే అవకాశమే లేదు. బళ్లో మనకు పాసివ్ నేర్పేటప్పుడు దాన్ని తెలుగు కర్మణి ప్రయోగంతో, అంటే "-బడు" తో జతకట్టి నేర్పుతారు. "రాముడిచే రావణుడు చంపబడెను" దగ్గర మొదలవుతుంది ఆ పాఠం. అందుకని బుర్రలో ఒక ముద్ర పడిపోతుంది: తెలుగులో "-బడు" ఉంటే ఇంగ్లిష్‌లో పాసివ్, లేకపోతే యాక్టివ్. కానీ నోటితో మాట్లాడే తెలుగులో "-బడు" ఎంత? "రేపు కరెంటు తీయబడును" అని ఇంట్లో ఎవరూ అనరు. "రేపు కరెంటు తీస్తారట" అంటారు. తీసేది ఎవరో చెప్పం, చెప్పాల్సిన అవసరమూ లేదు. కర్తను వదిలేసి, కర్మను ముందుకు తెచ్చి, క్రియకు "-తారు" తగిలిస్తే మనకు పని జరిగిపోతుంది. ఇంగ్లిష్‌కు ఆ వెసులుబాటు లేదు. కర్తను వదిలేస్తే వాక్యాన్ని పాసివ్ చేయాల్సిందే. అంటే ఇంగ్లిష్ "విల్ బి అనౌన్స్‌డ్" కి అసలైన తెలుగు జోడీ "ప్రకటించబడును" కాదు, "ప్రకటిస్తారు". ఇది పట్టుబడినవాళ్లకు సగం తప్పులు వాటంతటవే పోతాయి.

"రిజల్ట్స్ విల్ అనౌన్స్" అన్న తప్పు పుట్టేది ఇందుకే. "ఫలితాలు ప్రకటిస్తారు" లోని మాటల వరుసను అలాగే దించేస్తాం. తెలుగులో "ప్రకటిస్తారు" చివరి "-రు" ఎవరో మనుషులున్నారని చెప్తుంది, ఫలితాలు కర్త కాదని తేలిపోతుంది. "విల్ అనౌన్స్" లో ఆ గుర్తు ఏదీ లేదు. ముందున్నదే కర్త అయి కూర్చుంటుంది.

తెలుగు క్రియల్లో మనకు ఇంకో తాళంచెవి కూడా ఉంది, పాఠాల్లో దాన్ని వాడుకున్న దాఖలాలు తక్కువ. పెరుగు, పెంచు. జరుగు, జరుపు. మారు, మార్చు. మొదలవు, మొదలుపెట్టు. జతలో మొదటిది దానంతటది అయ్యేది, రెండోది ఎవరో చేసేది. భవిష్యత్తులో మొదటి రకం వస్తే ఇంగ్లిష్‌లో "బి" అక్కర్లేదు, రెండో రకం కర్త లేకుండా వస్తే "బి" తప్పనిసరి. "ధరలు పెరుగుతాయి" అంటే "ప్రైసెస్ విల్ రైజ్". "ధరలు పెంచుతారు" అంటే "ప్రైసెస్ విల్ బి రెయిజ్‌డ్". "తేదీ మారుతుంది" అంటే "ది డేట్ విల్ చేంజ్", "తేదీ మారుస్తారు" అంటే "ది డేట్ విల్ బి చేంజ్‌డ్". "సభ జరుగుతుంది" అంటే "విల్ టేక్ ప్లేస్", "సభ జరుపుతారు" అంటే "విల్ బి హెల్డ్". పాసివ్ బాగా సాధన చేసినవాళ్లు ఎక్కువగా చేసే తప్పు "విల్ బి హ్యాపెన్‌డ్", "విల్ బి అరైవ్‌డ్". పాసివ్ మర్యాదగా, ఆఫీసు భాషలా వినిపిస్తుందని "బి" ని అన్నిచోట్లా తగిలిస్తారు. హ్యాపెన్, అరైవ్, అకర్, కమ్ లాంటి క్రియలకు కర్మ ఉండదు, కాబట్టి వాటికి పాసివ్ లేనే లేదు.

ఇప్పుడు ఒక్క నోటీసును దగ్గరగా చూద్దాం. "రేపు ఉదయం 10 గంటల నుండి మధ్యాహ్నం 2 గంటల వరకు మరమ్మతుల నిమిత్తం విద్యుత్ సరఫరా నిలిపివేయబడును. పని పూర్తయిన వెంటనే సరఫరా పునరుద్ధరించబడును." మొదట దీన్ని ఇంట్లో చెప్పే మాటలోకి దించుకోవాలి: రేపు పదింటి నుంచి రెండింటిదాకా రిపేర్ల కోసం కరెంటు తీస్తారు, పనవగానే ఇస్తారు. "తీస్తారు" కి కర్త లేదు, కనుక పాసివ్. ముందుకు రావాల్సింది కరెంటు: "ది పవర్ సప్లై". ఏకవచనమైనా బహువచనమైనా "విల్ బి" మారదు, అదొక సుఖం. తర్వాత వి3: "స్టాప్‌డ్" అన్నా తప్పు కాదు, నోటీసులో "ఇంటరప్టెడ్" గానీ "షట్ ఆఫ్" గానీ బాగుంటుంది. "షట్" కి మూడు రూపాలూ ఒకటే, "షట్టెడ్" అని రాయకూడదు. కారణం "ఫర్ రిపేర్స్", వేళ "ఫ్రమ్ 10 ఏఎం టు 2 పీఎం టుమారో". మొత్తం: "ది పవర్ సప్లై విల్ బి ఇంటరప్టెడ్ ఫర్ రిపేర్స్ ఫ్రమ్ 10 ఏఎం టు 2 పీఎం టుమారో."

రెండో వాక్యంలో గోతి ఉంది. "పని పూర్తయిన వెంటనే" అన్నది కూడా రేపటి సంగతే కదా అని "యాజ్ సూన్ యాజ్ ది వర్క్ విల్ బి కంప్లీటెడ్" అని రాస్తారు. అక్కడ "విల్" రాకూడదు. వెన్, ఇఫ్, అంటిల్, బిఫోర్, యాజ్ సూన్ యాజ్ తర్వాత సంగతి రేపటిదైనా వర్తమానమే వాడాలి: "ఇట్ విల్ బి రిస్టోర్‌డ్ యాజ్ సూన్ యాజ్ ది వర్క్ ఈజ్ కంప్లీటెడ్". ఈ నియమం మర్ఫీ 25వ యూనిట్‌లో స్పష్టంగా ఉంది. దాన్ని పాసివ్‌కి వర్తింపజేసుకోవడం మాత్రం మన చేతి పని. ఆ యూనిట్ కుడిపేజీ అయ్యాక, ఒక్కో వాక్యాన్నీ "అంటిల్ ఇట్ ఈజ్ రిపేర్‌డ్", "వెన్ ది గేట్ ఈజ్ ఓపెన్‌డ్" తరహాలో ఇంకోసారి రాయడం మంచి అభ్యాసం.

"-బడును" తోనే మరో చిక్కు. "ఇచ్చట సైకిళ్లు అద్దెకు ఇవ్వబడును" అన్న బోర్డు అందరికీ తెలుసు. అది రేపటి సంగతి కాదు, రోజూ చేసే పని. తెలుగులో "ఇవ్వబడును" అన్నా "ఇస్తారు" అన్నా రోజూ జరిగేదానికీ రేపు జరగబోయేదానికీ రూపం ఒక్కటే. ఇంగ్లిష్‌లో అవి వేరు. సైకిల్ బోర్డును "విల్ బి గివెన్" అని రాస్తే ఎప్పుడో భవిష్యత్తులో ఇస్తారన్నట్టు ఉంటుంది. "బైసికిల్స్ ఆర్ రెంటెడ్ అవుట్ హియర్" అనాలి. తేల్చుకోవడం సులువు: వాక్యం ముందు "ప్రతిరోజూ" పెట్టి చూడండి, తర్వాత "రేపు" పెట్టి చూడండి. "ప్రతిరోజూ" అతికితే "ఈజ్" లేదా "ఆర్", "రేపు" అతికితే "విల్ బి". "రెండో శనివారం ఆఫీసు మూస్తారు" లాంటివి రెండు రకాలుగానూ అర్థమవుతాయి, అక్కడ రాసేవాడి ఉద్దేశమే చూడాలి.

"విల్ బి" ఒక్కటే కాదు, భవిష్యత్తు పాసివ్‌కి ఇంకొన్ని దారులున్నాయి. ముందే నిర్ణయించుకున్నదైతే "ఈజ్ గోయింగ్ టు బి డెమాలిష్‌డ్". తేదీ, ఏర్పాట్లు ఖరారైపోతే "ఈజ్ బీయింగ్ షిఫ్టెడ్ నెక్స్ట్ మండే". ఈ రెండోదాన్ని మర్ఫీలో 19వ యూనిట్, 43వ యూనిట్ కలిపి మనమే కట్టుకోవాలి. వార్తల్లో, అధికారిక ప్రకటనల్లో వచ్చే "ది బ్రిడ్జ్ ఈజ్ టు బి ఓపెన్‌డ్ ఆన్ ఫ్రైడే" తరహాకి నీలం పుస్తకంలో విడిగా యూనిట్ లేదు. మార్టిన్ హ్యూయింగ్స్ రాసిన ఆకుపచ్చ అట్ట అడ్వాన్స్‌డ్ పుస్తకానికి వెళ్లాలి. పత్రికల్లో పనిచేసేవాళ్లకు, ఇంగ్లిష్ పేపరు చదివి సివిల్స్‌కి తయారయ్యేవాళ్లకు ఇది పెద్ద లోటే.

ఒక గడువులోగా అయిపోయి ఉంటుందని చెప్పడానికి "విల్ హావ్ బీన్" ప్లస్ వి3: "ది రోడ్ విల్ హావ్ బీన్ లెయిడ్ బై మార్చ్". ఇక్కడ "బై" తో జాగ్రత్త. పాసివ్ అంటే "బై" తర్వాత మనిషి అని అలవాటైపోయి, "బై ఫ్రైడే" చూడగానే అయోమయపడతారు. "ది వర్క్ విల్ బి ఫినిష్‌డ్ బై ది కాంట్రాక్టర్ బై ఫ్రైడే" లో మొదటి "బై" చేసేవాడు, రెండో "బై" గడువు. రెండూ ఒకే వాక్యంలో రావచ్చు, తప్పేం లేదు. కానీ "బై" లేకుండానే ఎక్కువ పాసివ్ వాక్యాలు ముగుస్తాయి, ముగియాలి కూడా. "విల్ బి కన్‌డక్టెడ్ బై దెమ్" లాంటివి రాసేకంటే మానేయడం మంచిది. ఆ "దెమ్" ఎవరో చెప్పనక్కర్లేదు కాబట్టే కదా పాసివ్ వాడాం.

"మీకు ఐడీ కార్డు ఇస్తారు" లాంటి వాక్యాల విషయంలో మర్ఫీ నిజంగా ఆదుకుంటారు. 44వ యూనిట్‌లో రెండు కర్మలు తీసుకునే క్రియలు వస్తాయి: గివ్, ఆఫర్, పే, షో, టెల్ లాంటివి. ఇంగ్లిష్‌లో ఇలాంటప్పుడు సాధారణంగా మనిషినే ముందు పెడతారు: "యు విల్ బి గివెన్ యాన్ ఐడీ కార్డ్". మనవాళ్లు "మీకు" లోని "కు" ని వదల్లేక "టు యు విల్ బి గివెన్" అంటారు. ఆ యూనిట్‌ను రెండుసార్లు చేయండి. జాబ్ ఆఫర్ లెటర్లు, అడ్మిషన్ మెయిళ్లు అర్థం కావడానికి ఇంతకంటే పనికొచ్చే రెండు పేజీలు పుస్తకంలో లేవు. 46లోని "హావ్ సమ్‌థింగ్ డన్" కూడా వదలొద్దు. "రేపు బండి సర్వీసింగ్ చేయిస్తాను" లోని "-ఇంచు" కి సరిగ్గా సరిపోయేది అదే: "ఐ యామ్ హావింగ్ మై బైక్ సర్వీస్‌డ్ టుమారో". "ఐ విల్ సర్వీస్ మై బైక్" అంటే మీరే స్పానర్ పట్టుకుని కూర్చుంటారని అర్థం.

వి3 చివరి "డ్" రాలిపోవడం గురించి కూడా చెప్పాలి. "అనౌన్స్‌డ్ టుమారో" అని వేగంగా పలికినప్పుడు ఆ చివరి శబ్దం తర్వాతి "ట" లో కలిసిపోయి వినపడదు. విని నేర్చుకున్నవాళ్లు "విల్ బి అనౌన్స్ టుమారో" అని రాసేది అందుకే. పుస్తకం చూసి నేర్చుకున్నవాళ్లకు ఈ తప్పు తక్కువ. చేత్తో రాయడం వల్ల లాభం ఇక్కడ కనపడుతుంది, కాబట్టి అభ్యాసాలను టిక్కులు పెట్టి వదిలేయకుండా వాక్యం మొత్తం నోటుబుక్కులో రాయండి.

పోటీ పరీక్షల వాళ్లకు మాత్రం ఈ పుస్తకం ఒక్కటే చాలదు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్ఎస్‌సీ) ఉద్యోగ పరీక్షల్లో యాక్టివ్ వాక్యమిచ్చి నాలుగు పాసివ్ జవాబుల్లో ఒకటి ఎంచుకోమంటారు. మర్ఫీ పద్ధతి ఆ మార్పిడి కసరత్తు కాదు, ఏ సందర్భంలో ఏది వాడాలన్నది. మార్పిడి చేయి తిరగాలంటే రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణ పుస్తకం దారే సరైనది. ఎన్.డి.వి. ప్రసాదరావు సవరించిన ప్రతి దొరుకుతుంది. "దే విల్ బి బిల్డింగ్ ఎ హౌస్" లాంటి ఫ్యూచర్ కంటిన్యువస్‌కి పాసివ్ లేదని మన క్లాసుల్లో నేర్పుతారు. వ్యాకరణం ప్రకారం "విల్ బి బీయింగ్ బిల్ట్" అనొచ్చు, అయినా ఇంగ్లిష్ వాళ్లు కూడా దాన్ని తప్పించుకుంటారు. రాతలో మీకెప్పుడూ దాని అవసరం రాదు. విదేశీ చదువుల కోసం రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌కి వెళ్లేవాళ్ల సంగతి వేరు. అకడమిక్ రైటింగ్ మొదటి టాస్క్‌లో ఒక ఊరికి వేసిన ప్రణాళిక మ్యాపు వస్తే, ఇరవై నిమిషాల్లో కనీసం 150 మాటలు రాయాలి, అందులో సగం వాక్యాలు "విల్ బి రిప్లేస్‌డ్ బై", "విల్ బి కన్వర్టెడ్ ఇంటు", "ఈజ్ గోయింగ్ టు బి ఎక్స్‌టెండెడ్" తరహావే. వాళ్లకు నీలం పుస్తకం 20, 21, 23, 42, 43 యూనిట్లు ఆ వరుసలో చేస్తే గట్టి పునాది పడుతుంది. రోజుకొకటి, 43కి మాత్రం ఒకటి కంటే ఎక్కువ రోజులు, మధ్యలో ఒక రోజు పాత తప్పులు దిద్దుకోవడానికి అనుకుంటే వారం, పది రోజుల పని.

కొనేటప్పుడు జవాబులున్న ప్రతినే తీసుకోండి. జవాబుల్లేనిది క్లాసులో టీచరు దగ్గర వాడుకోవడానికి, ఒంటరిగా చదివేవాళ్లకు అది దండగ. కోఠీలో, అబిడ్స్ ఆదివారం పుస్తకాల సంతలో, విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత ప్రతుల కోసం చూడొచ్చు, వ్యాకరణం మారదు కనుక పాత ఎడిషన్‌తో నష్టం లేదు. కానీ 1994 నాటి రెండో ఎడిషన్‌లో యూనిట్లు 136 మాత్రమే, పైన చెప్పిన నంబర్లు దానికి సరిపోవు, విషయసూచికలో "పాసివ్" అన్న మాట చూసి పట్టుకోవాలి. జిరాక్స్ తీసి బైండు చేసిన దొంగ ప్రతులు మాత్రం వద్దు. ముఖ్యమైన మాటల్ని మర్ఫీ మందం అక్షరాల్లో చూపిస్తారు, నకలు మసకబారితే ఆ తేడా తెలియదు. "బి" కీ "బీన్" కీ తేడా కళ్లకు కనపడాల్సిన పాఠంలో అక్షరం అలుక్కుపోతే చదివినా ఒకటే, చదవకపోయినా ఒకటే.